డబ్బు దిగిన ఖాతా ఎవరిది?

ట్రేడింగ్ యాప్ మోసంలో డబ్బు పోయిందని చెప్పగానే ఎదుటివారి నోట వచ్చే మొదటి ప్రశ్న ఒక్కటే: "చదువుకున్నవారు, ఆ మాత్రం తెలియలేదా?" పోలీసు స్టేషన్‌లో ఇదే మాట, బ్యాంకులో ఇదే మాట, ఇంటికి వస్తే కొడుకూ కోడలూ అనేదీ ఇదే. ఈ ప్రశ్న మీద నాకు చాలా కాలంగా కోపం. అది అడిగిన క్షణం నుంచి వ్యవహారమంతా డబ్బు పంపినవాడి తెలివితేటల చుట్టూనే తిరుగుతుంది. ఆ డబ్బు అందుకున్న ఖాతాను ఎవరు తెరిచారు, ఎవరు తెరవనిచ్చారు, అందులో కోట్లు కదులుతుంటే ఎవరు చూస్తూ కూర్చున్నారు అన్న సంగతి ఎవరికీ పట్టదు.

నేను ముప్ఫై ఏళ్ళకు పైగా బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. శాఖల్లో ఎన్నో కరెంట్ ఖాతాలు తెరిచాను. కొన్నిటిని తెరవనని చెప్పి, టార్గెట్ల సమావేశాల్లో పై అధికారుల చేత మాటలు కూడా పడ్డాను. అందుకే మా కాలనీలో ఎవరికి ఇలాంటి దెబ్బ తగిలినా స్టేట్‌మెంట్లు పట్టుకుని నా దగ్గరికి వస్తారు. వాటిని చదివి చదివి నాకొక అభిప్రాయం స్థిరపడింది. పోయిన సొమ్ములో సగమైనా, అది మొదట ఏ బ్యాంకులో దిగిందో ఆ బ్యాంకు చేత కట్టించాలి. అలా కట్టించే నిబంధన పెట్టవలసింది రిజర్వు బ్యాంకు. "జాగ్రత్తగా ఉండండి" అని ఎన్ని ఎస్ఎంఎస్‌లు పంపినా ఈ పని చేసినట్టు కాదు.

మా వీధిలో ఒక లెక్కల మాస్టారున్నారు. జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో పనిచేసి రిటైరయ్యారు. పేరు చెప్పను. ఫేస్‌బుక్‌లో ఒక ప్రకటన నొక్కితే వాట్సాప్ గ్రూపులో చేరిపోయారు. అక్కడొక 'ప్రొఫెసర్', ఆయనకొక సహాయకురాలు. పొద్దున్నే శుభోదయం, మార్కెట్ తెరిచే వేళకు పాఠం, సాయంత్రానికి గ్రూపులో లాభాల స్క్రీన్‌షాట్లు. గ్రూపులో వందమంది ఉంటే అందులో అమాయకులు ఎందరో, ముఠావాళ్ళ ఫోన్లు ఎన్నో లోపలివారికి తెలిసే వీలు లేదు. కొన్నాళ్ళు ఊరికే సలహాలిచ్చారు. తరువాత యాప్ వచ్చింది. అందులో 'సంస్థాగత ఖాతా' అట, విదేశీ మదుపు సంస్థ పేరు మీద షేర్లు మార్కెట్ ధరకన్నా తక్కువకు వస్తాయట, ఐపీఓలో, అంటే కంపెనీ జనానికి తొలిసారి షేర్లు అమ్మేటప్పుడు, అడిగినన్ని దొరుకుతాయట. మాస్టారు ముందు కొద్ది మొత్తం వేసి, అందులో పదివేలు వెనక్కి తీసి చూశారు. గంటలో ఖాతాలో పడింది. లెక్కల మాస్టారు కదా, సరిచూసుకునే తరువాతి అడుగు వేశారు.

ఆ తరువాతి కథ ఈ మోసాల్లో ఎక్కడైనా ఒకటే. ఐపీఓకు అడిగినదానికి ఎన్నో రెట్లు షేర్లు కేటాయించామంటారు. మిగిలిన డబ్బు కట్టకపోతే ఉన్నది కూడా స్తంభించిపోతుందంటారు. కడతాం. తెరమీద లాభం కోటి దాటుతుంది. తీసుకోబోతే ముందు ఇరవై శాతం పన్ను చెల్లించమంటారు. అక్కడ మెలకువ వస్తుంది.

షేర్ మార్కెట్‌ను నియంత్రించే సెబీకి ఈ పద్ధతి తెలియదనడానికి లేదు. 2024 ఫిబ్రవరి 26న అదే ఒక ప్రకటన విడుదల చేసింది. విదేశీ పోర్ట్‌ఫోలియో మదుపు మార్గం, కొద్దిపాటి మినహాయింపులు తప్ప, ఇక్కడ నివసించే భారతీయులకు లేదని, 'సంస్థాగత ఖాతా' ఇస్తామనే యాప్‌లను నమ్మవద్దని అందులో రాసింది. వాట్సాప్, టెలిగ్రామ్ గ్రూపుల సంగతి కూడా ఉంది. చదివితే మాస్టారి కథనే ముందుగా రాసిపెట్టినట్టుంటుంది. ఇంత వివరంగా తెలిసిన నేరం ఇంకా అదే వాలకంలో, అదే మాటలతో ఎలా సాగుతోంది?

నా దృష్టిలో దీనికి జవాబు యాప్‌లో లేదు, బ్యాంకు స్టేట్‌మెంటులో ఉంది.

మాస్టారి స్టేట్‌మెంటును మా వరండాలో పరిచి యూటీఆర్ నంబర్లకు (ఒక్కో బదిలీకి బ్యాంకు ఇచ్చే గుర్తు సంఖ్య) ఎదురుగా డబ్బు అందుకున్నవారి పేర్లు రాస్తూ పోయాం. ఒక్కో విడతకు ఒక్కో ఖాతా. ఒకటి బట్టల దుకాణం. ఒకటి ఎరువుల వ్యాపారం. ఒకటి ట్రావెల్స్. ఒకటి ఏదో ఎంటర్‌ప్రైజెస్, అది ఏమి అమ్ముతుందో పేరును బట్టి తెలియదు. ఐఎఫ్ఎస్‌సీ కోడ్‌లు చూస్తే ఒక శాఖ రాజస్థాన్‌లో, మరొకటి పశ్చిమ బెంగాల్‌లో, ఇంకొకటి మన హైదరాబాదు శివారులోనే. షేర్ల డబ్బు బట్టల కొట్టుకు ఎందుకు వెళ్ళాలని మాస్టారు అప్పట్లోనే అడిగారు. "మా భాగస్వామి సంస్థల ఖాతాలు సార్, పన్ను సౌలభ్యం కోసం" అని సహాయకురాలు చెప్పింది.

మాస్టారు ఒకవైపు నుంచే చూడగలరు. బట్టల కొట్టు ఖాతాకు ఆయన పంపింది ఒక్క ఆర్‌టీజీఎస్ బదిలీ. కానీ ఆ బట్టల కొట్టు ఖాతా ఉన్న బ్యాంకుకు అంతా కనిపిస్తుంది. ఖాతా తెరిచేటప్పుడు నెలకు ఇన్ని లక్షల వ్యాపారమని దరఖాస్తులో రాసి ఉంటారు. అలాంటి ఖాతాలోకి ఒక ఉదయం పది రాష్ట్రాల నుంచి, ఒకరికొకరు సంబంధం లేని మనుషుల దగ్గర నుంచి లక్షలకు లక్షలు దిగుతాయి. అరగంట తిరక్కుండా వేరే ఖాతాలకు ముక్కలై వెళ్ళిపోతాయి. రాత్రికి మిగిలేది కనీస నిల్వ. బట్టల కొట్టు అయితే మిల్లుకు చెల్లింపు ఉండాలి, కరెంటు బిల్లు ఉండాలి, జీఎస్టీ ఉండాలి. ఒక్కటీ ఉండదు. దీన్ని పట్టుకోవడానికి కృత్రిమ మేధ అక్కర్లేదు. నాతో పనిచేసిన పాత హెడ్ క్యాషియర్‌కు డే బుక్ చూపిస్తే టీ తాగేలోపు చెప్పేవాడు.

చట్టం కూడా ఇదే అడుగుతోంది. ఖాతాదారు ఎవరో, ఏమి చేస్తాడో తెలుసుకోమనే రిజర్వు బ్యాంకు కేవైసీ ఆదేశాల ప్రకారం ఖాతా తెరవడంతో బ్యాంకు పని అయిపోదు. ఖాతాదారు చెప్పిన వ్యాపారానికీ ఖాతాలో నడుస్తున్న లావాదేవీలకూ పొంతన ఉందా అని చూస్తూ ఉండాలి. అనుమానం వస్తే 2002 నాటి మనీ లాండరింగ్ నిరోధక చట్టం కింద ఢిల్లీలోని ఆర్థిక నిఘా విభాగానికి నివేదిక పంపాలి. నిబంధనలకు కొరత లేదు. లేనిదల్లా వాటిని పాటించకపోతే నష్టపోయినవాడికి బ్యాంకు ఏమి ఇవ్వాలన్న మాట.

నిర్లక్ష్యం ఒక్కటే అనుకుంటే పొరపాటు. 2024 ఆగస్టులో తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో హైదరాబాదు షంషీర్‌గంజ్‌లోని ఒక ప్రభుత్వ రంగ బ్యాంకు శాఖ మేనేజర్‌ను అరెస్టు చేసింది. అక్కడి ఆరు ఖాతాల గుండా 175 కోట్ల రూపాయల మేరకు సైబర్ మోసాల సొమ్ము ప్రవహించిందని పోలీసుల ఆరోపణ. నేరం కోర్టులో తేలాలి, సరే. కానీ ఒక శాఖలోని ఆరు ఖాతాల్లో ఇంత సొమ్ము కదిలిందంటే ఆ ప్రాంతీయ కార్యాలయంలో, ఆడిట్‌లో, ప్రధాన కార్యాలయంలోని నిఘా విభాగంలో జీతాలు తీసుకుంటున్నవారు ఏమి చేస్తున్నట్టు?

ఇక వాపసు అడిగేవాడి తిరుగుడు. మాస్టారితో పాటు నేనూ తిరిగాను కాబట్టి చెబుతున్నాను.

మొదట ఆయన సొంత బ్యాంకు. అక్కడ 2017 జూలై 6 నాటి రిజర్వు బ్యాంకు సర్క్యులర్ గుర్తు చేశాను. ఖాతాదారు తప్పు లేకుండా మూడోవాడి వల్ల డబ్బు పోయి, మూడు పనిదినాల్లో చెబితే అతనికి నష్టం లేకుండా చేయాలని అందులో ఉంది. నేను సర్వీసులో ఉండగా వచ్చిన మంచి సర్క్యులర్లలో అదొకటి. కానీ అది ఖాతాదారు అనుమతి లేకుండా జరిగిన లావాదేవీలకే. "మీరే లాగిన్ అయ్యారు, మీరే ఓటీపీ కొట్టారు" అన్నారు. సర్క్యులర్ ప్రకారం వాళ్ళు చెప్పింది తప్పు కాదు. సరేనని డబ్బు దిగిన బ్యాంకుకు రాశాం. "మీరు మా ఖాతాదారు కారు, మా ఖాతాదారు వివరాలు మీకు ఇవ్వలేము" అని జవాబు. పంపిన బ్యాంకుకు ఆయన ఖాతాదారే గానీ తప్పు ఆయనది. తీసుకున్న బ్యాంకుకు ఆయన ఖాతాదారే కాదు. ఈ రెండు ఉత్తరాల నడుమ ఒక మనిషి జీవితకాలపు కష్టార్జితం ఆవిరైపోయింది. రెండు బ్యాంకులకూ లైసెన్సు ఇచ్చింది ఒకే రిజర్వు బ్యాంకు.

తరువాత సెబీ. స్కోర్స్ అనే వాళ్ళ ఫిర్యాదుల పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టబోతే ఏ బ్రోకరో, ఏ కంపెనీయో జాబితాలో నుంచి ఎంచుకోమంటుంది. దొంగ యాప్ ఆ జాబితాలో ఎందుకుంటుంది? రిజిస్ట్రేషన్ లేని సంస్థలు మా పరిధిలోకి రావు, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, సైబర్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయండి అని సారాంశం. ఇక్కడ నాకు సెబీతో గట్టి పేచీ ఉంది. సెబీ చట్టం 12వ సెక్షన్ ఏమంటోంది? రిజిస్ట్రేషన్ లేకుండా ఎవరూ స్టాక్ బ్రోకర్ వ్యాపారం చేయకూడదంటోంది. అంటే రిజిస్ట్రేషన్ లేకపోవడమే నేరం. ఆ నేరానికి 24వ సెక్షన్ కింద పదేళ్ళ వరకు జైలు, 25 కోట్ల వరకు జరిమానా ఉంది. పైగా 26వ సెక్షన్ ప్రకారం ఈ చట్టం కింద కోర్టు కేసు స్వీకరించాలంటే ఫిర్యాదు చేయవలసింది సెబీయే. మాస్టారు చేయలేరు, నేను చేయలేను. తాళంచెవి ఒక్కరి దగ్గరే పెట్టి, ఆ ఒక్కరూ ఇది మా ఇల్లు కాదంటే ఎవరిని అడగాలి?

యాప్ వెనుక ఉన్నవాళ్ళు ఎక్కడో కంబోడియాలోనో మయన్మార్‌లోనో ఉంటారు, సెబీ ఏమి చేస్తుందని అడగవచ్చు. నిజమే, చాలా ముఠాలు అక్కడి నుంచే నడుస్తున్నాయి. కానీ తలచుకుంటే సెబీ రిజిస్ట్రేషన్ లేనివాళ్ళ జోలికి వెళ్ళలేదనడం అబద్ధం. 2023 అక్టోబరులో 'బాప్ ఆఫ్ చార్ట్' పేరుతో రిజిస్ట్రేషన్ లేకుండా సలహాలు అమ్ముకున్నవారి 17 కోట్ల పైచిలుకు సొమ్మును జప్తు చేయమని ఉత్తర్వు ఇచ్చింది. అక్కడ మనిషి, చిరునామా, ఖాతా దొరికాయి. ఇక్కడ మనిషి దొరకకపోయినా ఖాతాలు ఈ దేశంలోనే ఉన్నాయిగా?

హైదరాబాదు వాళ్ళం కార్వీ అనే షేర్ బ్రోకర్ సంస్థను మరిచిపోలేము. ఖాతాదారుల షేర్లను తన అప్పులకు తాకట్టు పెట్టిందని 2019 నవంబరు 22న సెబీ దానిమీద ఉత్తర్వు ఇచ్చింది. చాలా ఆలస్యమే. అయినా అది రిజిస్టరైన బ్రోకర్ కాబట్టి చాలామంది షేర్లు తిరిగి వాళ్ళ డీమ్యాట్ ఖాతాల్లోకి వచ్చాయి, మిగిలినవారికి స్టాక్ ఎక్స్‌చేంజి మదుపరుల రక్షణ నిధికి క్లెయిము పెట్టుకునే దారి దొరికింది. ఇందులోనే ఇంకొక ముచ్చట. కార్వీకి ఆ షేర్ల మీద అప్పులిచ్చిన బ్యాంకులు తమకు అన్యాయం జరిగిందని సెబీ మీదే పోరాడాయి. 2023 డిసెంబరులో, సెబీ ఉత్తర్వుల మీద అప్పీళ్ళు వినే సెక్యూరిటీస్ అప్పీలు ట్రిబ్యునల్ ఆ బ్యాంకుల నష్టాన్ని భర్తీ చేయమని సెబీని, స్టాక్ ఎక్స్‌చేంజి ఎన్ఎస్ఈని, డీమ్యాట్ షేర్లను భద్రపరిచే ఎన్ఎస్‌డీఎల్‌ను ఆదేశించింది. పై కోర్టుల్లో ఆ వ్యవహారం ఎటు తిరిగినా, నియంత్రణ సంస్థను బోనులో నిలబెట్టి నష్టపరిహారం అడగవచ్చని అప్పుడు తేలింది. అడిగింది బ్యాంకులు కాబట్టి వినేవారు దొరికారు.

చివరికి దారి చూపేది 1930 మాత్రమే. ఈ ఏర్పాటును నేను తక్కువ చేయను. ఫోన్ చేయగానే టికెట్ పుడుతుంది, బ్యాంకుల మధ్య డబ్బు ఎటు పోయిందో వెంటాడి దొరికిన చోట కదలకుండా హోల్డ్ పెడతారు. 2021 నుంచి నడుస్తోంది. కేంద్ర హోంశాఖ 2025 జూలైలో పార్లమెంటుకు ఇచ్చిన లెక్క ప్రకారం 2024లో దేశంలో సైబర్ మోసాల్లో పోయిన సొమ్ము 22,845 కోట్లు. అంతకు ముందు ఏడాది 7,465 కోట్లు. 1930 వచ్చినప్పటి నుంచి అప్పటిదాకా ఆపగలిగింది 5,489 కోట్లు. ఈ చివరి అంకెను ప్రకటనల్లో 'కాపాడిన సొమ్ము' అంటారు. హోల్డ్‌లో ఉన్న సొమ్ము బాధితుడి చేతికి వచ్చిన సొమ్ము కాదని మాస్టారిని అడిగితే చెబుతారు.

ఎందుకంటే డబ్బు ఖాతా నుంచి ఖాతాకు పొరలుగా దాటుతుంది, హోల్డ్ ఉన్నది మూడో పొరలోనో నాలుగో పొరలోనో ఉన్న ఎవరి ఖాతాలోనో. ఆ ఖాతా వేరే రాష్ట్రంలో. దాని మీద ఇంకా పదిమంది బాధితుల ఫిర్యాదులు. మన వాటా ఇంత అని పోలీసులు తేల్చాలి, మొత్తం పెద్దదైతే నేర విచారణ చట్టమైన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 503వ సెక్షన్ కింద కోర్టు ఉత్తర్వు కావాలి, ఆ ఉత్తర్వు పట్టుకుని శాఖకు వెళితే అక్కడి మేనేజరు లీగల్ సెల్‌కు పంపుతాడు. ఈ విషయంలో తెలంగాణ ఒక మంచి పని చేసింది. 2024 నుంచి ఇలాంటి పిటిషన్లను లోక్ అదాలత్‌లలో పెట్టి, వకీలు ఖర్చు లేకుండా, హోల్డ్‌లో ఉన్న సొమ్మును బాధితులకు ఇప్పిస్తున్నారు. మా కాలనీలోనే ఇద్దరికి ఇలా కొంత వచ్చింది. కానీ హోల్డ్ అయినంత వరకే. మాస్టారికి పోయినదాంట్లో హోల్డ్ అయింది పదో వంతు కూడా లేదు. మొదటి ఖాతా ఉన్న బ్యాంకు ఆయన డబ్బు వెళ్ళిపోయిన చాలా రోజులకు ఆ ఖాతాను స్తంభింపజేసింది. దొంగలు పడిన ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు.

ఈలోగా రెండో మోసం మొదలైంది. "మీ డబ్బు రికవరీ చేసిపెడతాం, ఫీజు ముందు కట్టండి" అని ఫోన్లు. పోగొట్టుకున్నవారి జాబితాలు కూడా అమ్ముడుపోతాయని అప్పుడే అర్థమైంది. ఈ ఫోన్లు వస్తే పెట్టేయండి. ప్రభుత్వ పద్ధతిలో వాపసుకు ఎవరూ ముందుగా ఫీజు అడగరు.

బ్యాంకుల తరఫున రెండు వాదనలు వినిపిస్తాయి. నా పాత మిత్రులే వినిపిస్తారు. ఒకటి, పరిహారం ఇస్తే జనం అజాగ్రత్తగా ఉంటారని. రెండు, బ్యాంకు కట్టేది చివరకు డిపాజిటర్ల సొమ్మేనని. మొదటి దానికి బ్రిటన్‌లో జవాబుంది. అక్కడ 2024 అక్టోబరు 7 నుంచి, మోసపోయి తన చేతులతోనే డబ్బు పంపిన వ్యక్తికి కూడా 85,000 పౌండ్ల వరకు బ్యాంకు వాపసు ఇవ్వాలి, అదీ మామూలుగా ఐదు పనిదినాల్లో. పంపిన బ్యాంకు సగం, అందుకున్న బ్యాంకు సగం భరిస్తాయి. తీవ్ర నిర్లక్ష్యం చూపిన ఖాతాదారుకు మాత్రం ఇవ్వనక్కర్లేదు. ఆ రెండో సగమే అసలు మందు. దొంగ ఖాతా తెరిస్తే తన లాభంలో నుంచి పోతుందని తెలిసిన బ్యాంకు, టార్గెట్ కోసం ఖాతా తెరిచే ముందు ఒకటికి రెండుసార్లు కొట్టు చూసి వస్తుంది. రెండో వాదనకు నా జవాబు చిన్నది. ఆ మాస్టారు కూడా డిపాజిటరే.

ఒక భయం మాత్రం న్యాయమైనది. బాధ్యత మీద పడితే బ్యాంకులు అతి జాగ్రత్తకు పోయి అమాయకుల ఖాతాలు ఆపేస్తాయి. ఇప్పటికే టీ కొట్టువాడి ఖాతాలో ఎవరో మోసగాడి చెల్లింపు కొన్ని వందలు పడిందని మొత్తం ఖాతా ఆపేసిన సందర్భాలున్నాయి. వివాదంలో ఉన్న మొత్తం మేరకే హోల్డ్ పెట్టడం, కారణం ఖాతాదారుకు వెంటనే రాతపూర్వకంగా చెప్పడం, గడువులోగా తేల్చడం తప్పనిసరి చేయాలి. మొదటి పొరలో బట్టల కొట్టును పట్టుకుంటే నాలుగో పొరలో టీ కొట్టు దాకా వెళ్ళే అవసరమే తగ్గుతుంది.

రిజర్వు బ్యాంకు ఏమీ చేయడం లేదని అనను. 2025 ఏప్రిల్ నుంచి ఆర్‌టీజీఎస్, నెఫ్ట్‌లలో డబ్బు అందుకునేవారి పేరు ముందే కనబడే ఏర్పాటు పెట్టించింది. మ్యూల్ ఖాతాలను, అంటే దొంగ సొమ్ము దాటించడానికి వాడే ఇతరుల ఖాతాలను, పసిగట్టే సాఫ్ట్‌వేర్‌ను తన సంస్థ చేతనే తయారు చేయించింది. సెబీ కూడా 2025 అక్టోబరు నుంచి రిజిస్టరైన బ్రోకర్లకు 'వ్యాలిడ్' అనే గుర్తున్న యూపీఐ ఐడీలు ఇప్పించింది. మంచివే. కానీ ఇవన్నీ చూసుకోవలసిన బరువును మళ్ళీ డబ్బు పంపేవాడి నెత్తినే పెడుతున్నాయి, లేదా బ్యాంకు ఇష్టానికి వదిలేస్తున్నాయి. బట్టల కొట్టు పేరు మాస్టారికి ముందే తెలుసు. పేరు కనబడితే ఆయనకు ఒరిగేదేముంది?

2025 డిసెంబరు 1న సుప్రీంకోర్టు డిజిటల్ అరెస్టు కేసులను (పోలీసులమని వీడియో కాల్‌లో బెదిరించి డబ్బు గుంజే మోసాలు) సీబీఐకి అప్పగిస్తూ, దొంగ ఖాతాలు తెరిపించడంలో బ్యాంకు సిబ్బంది పాత్రను అవినీతి నిరోధక చట్టం కింద విచారించే స్వేచ్ఛనూ ఇచ్చింది. పెట్టుబడి మోసాల వంతు ఆ తరువాత. ఆ వంతు వచ్చేలోగా మాలాంటివాళ్ళం చేయగలిగిందేదో చేస్తున్నాం.

మాస్టారి చేత సమాచార హక్కు కింద ఒక దరఖాస్తు పెట్టించాను. ఆయన డబ్బు దిగిన బ్యాంకుల్లో ఒకటి ప్రభుత్వ రంగానిది కాబట్టి ఇది వర్తిస్తుంది. ఖాతాదారు పేరు, ఫోను నంబరు అడగలేదు. ఖాతా తెరిచిన తేదీ, వ్యాపార స్థలాన్ని చూడడానికి సిబ్బంది వెళ్ళిన తేదీ, ఖాతా మీద లోపలి వ్యవస్థలో మొదటి హెచ్చరిక వచ్చిన తేదీ, దాని మీద చర్య తీసుకున్న తేదీ. నాలుగు తేదీలు. మూడో వ్యక్తి సమాచారమంటూ 8వ సెక్షన్ చూపించి తిరస్కరించారు. మొదటి అప్పీలు వేశాం. రిజర్వు బ్యాంకు కాపాడవలసింది ప్రజల ప్రయోజనాన్ని గానీ ఒక్కో బ్యాంకు ప్రయోజనాన్ని కాదని 2015 డిసెంబరులో జయంతీలాల్ మిస్త్రీ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాటను అందులో రాశాం. "తేదీలు చెప్పడానికి ఇంత భయమెందుకు మేనేజరు గారూ?" అని మాస్టారు అడిగారు. రెండో తేదీ దగ్గర వాళ్ళకు రాయడానికి ఏమీ ఉండకపోవచ్చునని చెప్పాను. అప్పీలు అధికారి జవాబు ఇంకా రాలేదు. రెండో అప్పీలుకు కాగితాలు సిద్ధం చేసి ఉంచాం.